మౌని బిగించిన జీపు

ప్రిసిల్లా తెల్లటి చేతిరుమాలు తీసి జీపు పొగగొట్టం మూతికి అడ్డంగా పట్టుకుంది.

"ఇంకొంచెం తొక్కండి సార్," అంది.

డ్రైవరు సీట్లో ఉన్న కోదండం యాక్సిలరేటర్ మీద కాలు గట్టిగా నొక్కాడు. జీపు ఒళ్ళంతా వణికింది. బానెట్ మీద పెట్టిన గ్లాసులో నీళ్ళు చిందాయి. కానీ చప్పుడు మాత్రం లేదు. పక్క గదిలో ఎవరో టీ కప్పు సాసర్లో పెట్టిన శబ్దం స్పష్టంగా వినిపించింది. చేతిరుమాలు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగానే ఉంది.

షెడ్డులోని ఇంజనీర్లు చప్పట్లు కొట్టారు. విశాఖ నగరంలో అంతకంటే మొండి బండి వాళ్ళకి దొరకలేదు. కోదండం పశువుల డాక్టరు. ఉద్యోగమంతా పాడేరు కొండల మీదే గడిచింది. ఆ ఘాట్ రోడ్లు ఎక్కలేక పాత ఇంజిన్ చేతులెత్తేస్తే, దాన్ని తీసేసి అంతకంటే పెద్ద డీజిల్ ఇంజిన్ పెట్టించాడు. రాళ్ళకి తగిలి సైలెన్సర్ ఊడిపోతే, మిగిలిన గొట్టాన్ని పొట్టిగా కోయించి అలాగే వదిలేశాడు. అప్పటినుంచి ఆ జీపు వీధి మలుపు తిరగకముందే వీధంతటికీ తెలిసిపోయేది.

ప్రిసిల్లా తయారుచేసిన యంత్రం పేరు మౌని. అది పనిచేసే తీరు అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. శబ్దమంటే గాలిలో లేచే అల. ఆ అల పైకి లేచే చోట సరిగ్గా అంతే పల్లాన్ని తెచ్చిపెడితే రెండూ కలిసి చదునైపోతాయి. మౌనిలోని మైక్రోఫోన్లు ఇంజిన్‌ని వింటాయి. చిప్ ఆ శబ్దాన్ని తిరగేస్తుంది. బానెట్ కింద ఒకటి, గొట్టం చివర ఒకటి ఉండే స్పీకర్లు తిరగేసిన అలను వదులుతాయి. ఇక పొగ సంగతి సెరామిక్ జల్లెడ చూసుకుంటుంది. మసిని పట్టి కాల్చేసి, గాలిని గాలిలాగే బయటికి పంపుతుంది. అయితే ఏ రెండు ఇంజిన్ల గొంతూ ఒకటి కాదు కాబట్టి, మౌని ముందుగా తనకి అప్పగించిన బండి గొంతును నేర్చుకోవాలి. కోదండం జీపు గొంతు నేర్చుకోవడానికి దానికి వారం పట్టింది.

కొత్త చట్టం ప్రకారం పదిహేనేళ్ళు దాటిన బండ్లూ, సొంతదారులు తోచినట్టు మార్పించుకున్న బండ్లూ మౌని బిగించుకోవాలి. లేదా తుక్కు కిందికి పోవాలి. వీధి వీధికీ స్తంభాలు వెలిశాయి. అవి వచ్చేపోయే బండ్ల పొగను వాసన చూస్తాయి, చప్పుడు వింటాయి. హద్దు దాటిన బండి నంబరు క్షణంలో తనిఖీ వ్యానుకి చేరుతుంది.

ఈ చట్టాన్ని తిట్టుకున్నవాళ్ళు కొందరే. పిల్లల ఆసుపత్రిలో నెబ్యులైజర్ల ముందు రద్దీ తగ్గింది. బీచ్ రోడ్డులో నిలబడితే ట్రాఫిక్ మధ్యలోంచి కూడా సముద్రం వినిపిస్తోంది. ప్రిసిల్లా తమ్ముడు చిన్నప్పుడు ఉబ్బసంతో, లారీలు తిరిగే రోడ్డు పక్క ఇంట్లో, దిండ్లకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఒక వానాకాలం ఆ నిద్రలోనే పోయాడు. ఆమె చదివిన చదువంతా అక్కణ్ణుంచి మొదలైంది.

కోదండం జీపు దిగి వచ్చాడు. అరవై దాటిన మనిషి. మాట నెమ్మది.

"మేడమ్, ఒక్కమాట. కొంచెం చప్పుడు మిగల్చడానికి వీలవుతుందా?"

ప్రిసిల్లా నవ్వింది. "అందరూ పూర్తిగా పోవాలంటారు. మీరేంటి సార్, మిగల్చమంటారు?"

"ఏం లేదు. అలవాటు."

"నాలుగు రోజుల్లో ఇదీ అలవాటైపోతుందిలెండి."

అతను ఇంకేదో చెప్పబోయి మానేశాడు. భార్య జబ్బు గురించి కొత్తవాళ్ళ ముందు మాట్లాడటం అతనికి చేతకాదు.

అతని భార్య సుభాషిణి రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా పనిచేసేది. మూడేళ్ళ క్రితం మతిమరుపు మొదలైంది. ముందు వస్తువుల పేర్లు పోయాయి. తర్వాత మనుషుల ముఖాలు. ఆఖరికి భర్త ముఖమూ, గొంతూ కూడా ఎవరివో అయిపోయాయి. అయినా ఒక్కటి మిగిలింది. సాయంత్రం జీపు చప్పుడు వినగానే ఆమె చేస్తున్న పని వదిలేసి గేటు దగ్గరికి వచ్చేది. జీపులోంచి దిగిన మనిషిని చూసి, "ఇంత ఆలస్యమైందేమండీ," అనేది. ఆ సాయంత్రమంతా అతను ఆమెకి భర్త. పొద్దున్న లేచేసరికి మళ్ళీ ఎవరో.

జీపు చప్పుడు చెవిలోంచి మెదడుకి వెళ్ళే ఆ ఒక్క దారీ ఇంకా చెడలేదని ఆమెను చూసే డాక్టరు చెప్పాడు. అది తెలిసినప్పటినుంచి, రిటైరై ఎక్కడికీ వెళ్ళాల్సిన పనిలేని కోదండం రోజూ సాయంత్రం జీపు వేసుకుని ఊళ్ళో ఒక చుట్టు తిరిగి ఇంటికి వచ్చేవాడు. అలా వస్తేనే అతనికి భార్య ఉండేది.

మౌని బిగించిన రోజు అతను ఇంటి ముందు జీపు ఆపితే గేటు దగ్గరికి ఎవరూ రాలేదు. లోపలికి వెళ్ళాడు. సుభాషిణి అతన్ని చూసి కుర్చీలోంచి లేచి గోడకి ఆనుకుంది.

"ఎవరండీ మీరు? ఆయన ఇంట్లో లేరు."

"నేనే సుభా. కోదండాన్ని."

"ఆయన బండి రాలేదు," అంది ఆమె. "నూకాలూ! ఇలా రావే!"

పనిచేసే నూకాలు వంటింట్లోంచి పరుగున వచ్చింది. అమ్మగారి భయం, బాబుగారి ముఖం ఒక్క చూపులో చూసింది.

"బయపడకండమ్మా. ఈయన బాబుగారి కాడ కాంపౌండరు. మిమ్మల్ని చూసుకోమని బాబుగారే పంపినారు."

సుభాషిణి భుజాలు సడలాయి. "అలాగా. కూర్చోండి. ఆయన కొండ దిగి రావాలిగా, ఆలస్యమవుతుంది."

కోదండం కూర్చున్నాడు. తన ఇంట్లో, తన కుర్చీ అంచున, పరాయివాడిలా.

పెళ్ళి ఫోటో తెచ్చి చూపించాడు. "ఇదిగో, ఈయనే మా ఆయన," అని మురిసిపోయింది తప్ప ఎదురుగా ఉన్న మనిషిని చూడలేదు. వారం రోజులు ఆమె గేటు దగ్గర నిలబడి చీకటి పడేదాకా ఏడ్చింది. ఎనిమిదో సాయంత్రం అతను స్పానర్ తీసుకుని మౌనిని ఊడదీసేశాడు. జీపు పాత గొంతుతో అరుచుకుంటూ వీధి మలుపు తిరిగింది. సుభాషిణి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, "ఇన్నాళ్ళా అండీ!" అంటూ అతని చొక్కా పట్టుకుంది. ఆ వెనకే తనిఖీ వ్యాను వచ్చింది. ఆమె చూస్తుండగానే జీపుని తాడు కట్టి లాక్కుపోయారు. ఆ బండి కనుమరుగవుతుంటే, అతని చొక్కా పట్టుకున్న వేళ్ళు మెల్లగా వదులయ్యాయి.

మౌనిని ఊడదీసిన మొదటి కేసు కాబట్టి అది ప్రిసిల్లా దగ్గరికే వెళ్ళింది. చిన్న గదిలో ఎదురుగా కూర్చుని ఆమె అడిగింది.

"ఎందుకు చేశారు సార్? మీరు చదువుకున్నవారు."

ఈసారి కోదండం అంతా చెప్పాడు. చెప్పడం అయ్యాక ఆమె ముందున్న ఫైలు మూసి పక్కన పెట్టింది.

"ఆరోజే ఎందుకు చెప్పలేదండీ?"

"మీరంతా చప్పట్లు కొడుతున్నారు. ఆ సంతోషంలో ఎలా చెప్పేది?"

ప్రిసిల్లా వాళ్ళింటికి వెళ్ళి సుభాషిణిని చూసింది. తర్వాత కాలుష్య నియంత్రణ బోర్డుకి అర్జీ పెట్టింది. మింగిన శబ్దాన్ని తిరిగి వదలడం మౌనికి సాధ్యమేనని, జీపు గొంతు చిప్‌లో భద్రంగా ఉందని, పిసరంత పొగ కూడా బయటికి రాకుండా ఆ ఒక్క వీధిలో నిమిషంపాటు శబ్దాన్ని అనుమతిస్తే చాలని రాసింది. ఒకరికి అనుమతిస్తే పదిమంది వస్తారన్నారు. చప్పుడుకి మందుచీటీ ఎక్కడుందని అడిగారు. ఆమె తిరుగుతూనే ఉంది. జీపు విడుదలైంది, మౌని మళ్ళీ బిగించారు. కానీ శబ్దానికి అనుమతి వచ్చేసరికి ఎండలు పోయి, వానలు కూడా వెనకబట్టాయి.

ఈ నెలల్లో కాంపౌండరు ఆ ఇంటికి అలవాటైపోయాడు. పొద్దున్నే సుభాషిణికి తల దువ్వి జడ వేసేవాడు. చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆమె చెప్పే రైళ్ళ కబుర్లు వినేవాడు. ఆమె గేటు దగ్గరికి వెళ్ళడం తగ్గి, మానేసింది.

ఒక మధ్యాహ్నం ఆమె అంది, "మా ఆయన చాలా మంచివారు కాంపౌండరు గారూ. ఏ ఊళ్ళో ఏ గేదె ఈనలేకపోయినా పరిగెత్తేవారు. కానీ నా పక్కన ఇలా కూర్చున్నది తక్కువ. మీరు కూర్చుంటారు."

కోదండం చేతిలోని చిక్కుడుకాయ వైపు చూస్తూ, "పని ఒత్తిడండి ఆయనకి," అన్నాడు.

"నిజమే. మీరేమీ చెప్పకండి ఆయనతో. బాధపడతారు."

అనుమతి వచ్చిన సాయంత్రం ప్రిసిల్లా స్వయంగా వచ్చి సుభాషిణి పక్కన వరండాలో కూర్చుంది. కోదండం జీపు తీసుకుని వెళ్ళాడు. కాసేపటికి వీధి మలుపులో దడదడమంటూ ఆ పాత గొంతు లేచింది. కుక్కలు మొరిగాయి. పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు.

సుభాషిణి తల ఎత్తింది. ముఖంలో వెలుగు నిండింది. "వచ్చేశారు," అంటూ జుట్టు సర్దుకుని గేటు దగ్గరికి పరిగెత్తింది. ప్రిసిల్లా కళ్ళు తుడుచుకుంది.

జీపు ఆగింది. కోదండం దిగాడు.

సుభాషిణి అతన్ని చూసి నవ్వింది. "మీరా కాంపౌండరు గారూ! ఆయన్ని తీసుకొచ్చారా?" అంటూ అతన్ని దాటుకుని వెళ్ళి జీపులోకి తొంగి చూసింది. రెండో వైపుకి వెళ్ళి చూసింది. వెనక సీటు తడిమింది.

"వెనక నడిచి వస్తున్నారా?"

కోదండం వీధి మలుపు వైపు చూశాడు.

"సరే, వచ్చేస్తారు. ఇక మీరు ఇంటికి వెళ్ళండి. ఇన్నాళ్ళూ మావల్ల మీవాళ్ళకి దూరమయ్యారు." ఆమె రెండు చేతులూ జోడించింది. "చాలా కృతజ్ఞతలండి."

అతను కదలకపోతే ఆమెకి కంగారు పుట్టింది. ఆయన ఉన్నప్పుడు పరాయి మనిషి లోపల ఉంటే బాగుండదంది. కోదండం గేటు బయటికి వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. లోపల సుభాషిణి రెండు కంచాలు పెట్టుకుని కూర్చుంది. అన్నం చల్లారిపోయాక ఆమె ఏడుపు వీధిలోకి వినిపించింది.

మర్నాడూ అదే జరిగింది. ఆ మర్నాడూ అంతే. చప్పుడు రాగానే కాంపౌండరు బయట, భర్త కోసం ఏడుపు లోపల.

నాలుగో రోజు కోదండం జీపుని షెడ్డుకి తీసుకెళ్ళాడు.

"ఆపేయండి మేడమ్."

"తొందరపడకండి సార్. కొన్నాళ్ళు వింటే ఆ చప్పుడూ, మీ ముఖమూ మళ్ళీ కలుస్తాయేమో."

"కలుస్తాయేమో. కలిసేదాకా రోజూ ఏడవాల్సింది ఆవిడ."

"మరి మీ సంగతి?"

"నన్ను ఇంట్లోకి రానిస్తుంది. అది చాలు."

ప్రిసిల్లా బానెట్ ఎత్తింది. నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించుకొచ్చిన ఆ ఒక్క నిమిషం శబ్దాన్ని తన చేత్తోనే చిప్‌లోంచి తుడిచేసింది. స్క్రీన్ మీద అల చదునై గీతగా మిగిలింది. ఆమె బానెట్ దించి, దాని మీద తల ఆన్చి ఏడ్చింది. కోదండం ఏం చేయాలో తోచక, బెదిరిన పశువుని నిమిరినట్టు ఆమె భుజం మీద మెల్లగా తట్టాడు.

ఆ వారమే నగరంలో హద్దు దాటే బండి ఒక్కటి కూడా మిగల్లేదని బోర్డు ప్రకటించింది. ప్రిసిల్లాని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. మాట్లాడమంటే, ఆమె నమస్కారం పెట్టి దిగిపోయింది.

ఆ సాయంత్రం కోదండం జీపుని చప్పుడు లేకుండా గేటు ముందు ఆపి లోపలికి వచ్చాడు. సుభాషిణి వరండాలో కూర్చుని ఉంది.

"రండి కాంపౌండరు గారూ. ఆయన ఇంకా రాలేదు."

"ఈవేళ కొండ మీదే ఆగిపోయారమ్మగారూ."

"అయితే భోంచేసి వెళ్ళండి." ఆమె ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "అడగడమే మర్చిపోయాను. మీకు పెళ్ళయిందా?"

"అయిందండి."

"మరి రోజంతా ఇక్కడే ఉంటారు. ఆవిడ మీకోసం చూస్తూ ఉండదూ?"

"ఉంటుందండి," అన్నాడు కోదండం.

"పాపం," అంది సుభాషిణి.