అమ్మ సముద్రం మీద ఉన్నప్పుడు

చక్కెర డబ్బా కనిపించలేదు. వంటింట్లో ఆమె ఒక్కో మూతా తీసి చూస్తుంటే, వెనకనుంచి భర్త చెయ్యి చాచి పై అరలోంచి తీసిచ్చాడు.

"ఇప్పుడు ఇక్కడ పెడుతున్నాం" అన్నాడు.

ఆ 'పెడుతున్నాం'లో తను లేదు. నెలన్నర తర్వాత నిన్న సాయంత్రమే ఆమె రిగ్గు నుంచి ఇంటికొచ్చింది. నడిసముద్రంలో చమురు, గ్యాసు ఉన్నాయేమోనని వేసే అన్వేషణ బావి దగ్గర ఆమె జియాలజిస్టు. డ్రిల్లింగు సాగినన్నాళ్లూ బురదతో పాటు పైకొచ్చే రాతి పలుకుల్ని కడిగి, మైక్రోస్కోపు కింద చూసి, అడుగున ఏముందో చెప్పాలి. అసలు అక్కడ తవ్వమన్నదే ఆమె. ఏళ్ల తరబడి మ్యాపుల ముందు కూర్చుని ఎంచుకున్న చోటు అది.

కూతురు బడికి తయారై వచ్చింది. పుస్తకాల సంచీ ఎత్తబోతే తండ్రి గబుక్కున లాక్కున్నాడు.

"బరువులెత్తొద్దని డాక్టరుగారు చెప్పలేదూ?" అనేసి నాలుక కరుచుకున్నాడు.

"ఏ డాక్టరు?" అంది ఆమె.

పిల్ల తండ్రి వంక చూసింది. స్టవ్ మీద టీ పొంగింది.

"ఏమైందండీ దీనికి?"

"అపెండిక్సు. ఆపరేషన్ చేశారు. ఇప్పుడు బాగానే ఉంది."

ఆమె స్టవ్ కట్టేసింది. "నా కూతురి కడుపు కోస్తే నాకు చెప్పరా? నేనేం పరాయిదాన్నా?"

"ఫోన్ చేశాను. రిగ్గులో ఎవరో ఎత్తి, మేడమ్ పనిలో ఉన్నారు, అర్జెంటా అన్నాడు. కాదన్నాను."

"కాదన్నారా!"

"చెప్తే ఏం చేసేదానివి? ఆ గాలివానలో హెలికాప్టరు ఎగిరేదా?" అతని గొంతు పెరిగింది. "నిజం చెప్పనా? నాకు కోపమొచ్చింది. ఆసుపత్రి వరండాలో ఒక్కణ్ణే పడున్నాను. మత్తు దిగుతుంటే ఇది అమ్మా, అమ్మా అని ఒకటే కలవరింత. నాన్న ఉన్నాడే అంటే వినిపించుకోదే! ఇక నీకు ఫోన్ చెయ్యబుద్ధి కాలేదు. నీ బావి నీది, మా ఇల్లు మాది అనుకున్నాను."

ఆమె అలాగే నేల మీద కూర్చుండిపోయింది. కూతురు దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యేసింది.

"నేను కూడా చెప్పొద్దన్నాను అమ్మా. గ్యాసు తగిలేటప్పుడు నువ్వక్కడ ఉండాలిగా? తగిలిందా?"

వచ్చిన దగ్గర్నుంచి ఎవరూ అడగని ప్రశ్న అది.

"లేదమ్మా. ఉప్పునీళ్లే. బావిని సిమెంటు పోసి మూసేశారు."

భర్త తలెత్తాడు. "నిన్న రాగానే చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మిమ్మల్ని వదిలేసి పోయి ఉత్త చేతులతో వచ్చానని చెప్పనా? ఆ సంగతి తేలిన రోజు భోజనాల గదిలో నా బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. మీకు చేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్లీ పెట్టేశాను."

ఆ తర్వాత ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. అతను ఓదార్చలేదు. పుస్తకాల సంచీ గోడకి ఆనించి, టీ గ్లాసులో పోసి ఆమె ముందు పెట్టాడు.

కూతురు చొక్కా అంచు పైకెత్తి కుట్లు మానిన గీత చూపించింది. "కుట్లు విప్పుతుంటే నేను ఏడవలేదు తెలుసా? నాన్నే ఏడ్చాడు."

"కంట్లో నలక పడింది" అన్నాడతను.

ఆమె ఏడుపులోనే నవ్వింది. ఆ గీత పక్కన మెల్లగా వేలు ఆనించింది. అప్పటికే అది పాతబడిపోయింది.

"నొప్పి మొదలైన దగ్గర్నుంచీ చెప్పు" అంది.

పిల్ల చెబుతోంది. మరిచిపోయినచోట తండ్రి అందిస్తున్నాడు. తను ఎన్నడూ చూడని ఊరి కబుర్లలా ఆమె వింటూ కూర్చుంది.

"నాకు తెలియనివి ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగింది చివరికి.

తండ్రీకూతుళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

"చాలా ఉన్నాయి" అంటూ అతను ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.