కొర్లమ్మ గొంతుతాళం

దగ్గరికి రండి. ఆ చివర కూర్చున్నవాళ్ళు కూడా కాస్త ఇటు జరగండి. ఈ కథ గట్టిగా చెప్పేది కాదు. మధ్యలో ఎవరూ లేవకండి, చెప్పే మాట తెగిపోతుంది.

రెండు వేల తొంభై నాలుగో సంవత్సరం నాటి సంగతి. అప్పటికే ఫోనంటే చేత్తో పట్టుకునే వస్తువు కాదు. మినపగింజంత పూసని చెవి వెనక అతికించుకునేవాళ్ళు, చెవిపూస అనేవాళ్ళు దాన్ని. పొద్దున్నే ఉప్పరేవు చేపల బజారుకి వెళ్తే, ప్రతి ఆడమనిషీ ఒక చేత్తో పొలుసు గీకుతూ గాలితో పోట్లాడుతున్నట్టు కనిపించేది. ఒకతె సింగపూర్ ఓడలో ఉన్న మొగుణ్ణి తిడుతుంటే, పక్కనామె చంద్రుడి మీద గనిలో పనిచేసే కొడుక్కి పులుసు పెట్టడం నేర్పేది. ఎవరికీ భయం లేదు, దారిలో ఎవరైనా వింటారేమోనన్న అనుమానం లేదు. ఆ నిశ్చింత తెచ్చిపెట్టింది ఆ ఊరి మనిషే, మైలపల్లి కొర్లమ్మ.

అంతకుముందు అలా ఉండేది కాదు. ఇంటర్నెట్‌లో మాట ఎలా వెళ్తుందంటే, మనం "బాగున్నావా" అనగానే అది వందల ముక్కలవుతుంది. ప్యాకెట్లంటారు, కొర్లమ్మ మాత్రం మాటముక్కలనేది. ఒక్కో ముక్క ఒక్కో దారిన, ఎవరెవరి యంత్రాల్లోంచో దూరి వెళ్ళి, అవతలి చెవి దగ్గర మళ్ళీ అతుక్కుంటుంది. పెళ్ళి సామానంతా ఒకే బండిలో వేయకుండా పదిమంది చేతుల్లో పెట్టి పంపినట్టన్నమాట. ఆ పదిమందిలో ఎవరో ఒకరు మూట విప్పి చూడొచ్చు కదా! అందుకని ప్రతి ముక్కకీ తాళం వేసి పంపుతారు. దాని పేరు ఎన్‌క్రిప్షన్. తాళంచెవి ఉన్నవాడికది మాట, లేనివాడికి ఇసుక రాలిన చప్పుడు.

తాళాలు గట్టివే. కానీ తలుపు తట్టేదెవరో తెలియకపోతే ఎంత గట్టి తాళమైనా ఏం లాభం? ఆ రోజుల్లో యంత్రాలు మూడు మాటలు వింటే చాలు, ఎవరి గొంతునైనా దించేసేవి. కూతురి గొంతుతో దొంగ మాట్లాడేవాడు. పోయిన తాతగారి గొంతుతో ఓట్లడిగేవాళ్ళు. జనం విసిగిపోయి, సొంత తల్లి పలకరించినా "నువ్వు మా అమ్మవేనా?" అని అడిగే పరిస్థితి వచ్చింది.

కొర్లమ్మ కనిపెట్టిందల్లా ఒక్క సంగతి. చిన్నప్పుడు బజారులో తల్లి పక్కన కూర్చుని చూసిందే అది. తల్లి బేరగాళ్ళతో ఒక గొంతుతో మాట్లాడేది, అత్తగారితో ఇంకో గొంతు, కొడుకుతో మరో గొంతు. మనిషికి ఉన్నది ఒక గొంతు కాదు, ఎంతమంది మనుషులుంటే అన్ని గొంతులు. యంత్రం కొర్లమ్మ గొంతును దించగలదు గానీ, కొర్లమ్మ తన తమ్ముడితో మాట్లాడే గొంతును దించలేదు. అది ఆ ఇద్దరి మధ్యే పుట్టి, ఆ ఇద్దరి మధ్యే ఉంటుంది. దానికి జంటగొంతు అని పేరుపెట్టి, అందులోంచే తాళంచెవి తయారయ్యేలా చేసింది. అదే గొంతుతాళం. ప్రతి సంభాషణకీ కొత్త తాళంచెవి. మాట అయిపోగానే ఆ చెవి కాలిపోతుంది, మాటతో సహా.

అవతలి మనిషి పలకకపోతే మాటను మూసి ఉంచి పోవచ్చు. ఏడాదిపాటు ఉంటుంది. అది ఎవరికోసమో ఆ మనిషి, ఆ జంటగొంతుతో పలికితేనే తెరుచుకుంటుంది. మూడుసార్లే అవకాశం. మెడ మీద కత్తిపెట్టి పలికించే దుర్మార్గులు కూడా ఉంటారని, ఏడుపు గొంతుకీ వణుకు గొంతుకీ తెరవకూడదని కొర్లమ్మే దానికి నేర్పింది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, ఎల్లాజీ. తల్లి పోయాక పెంచింది తనే. ఆ వైపు అక్కను అప్ప అంటారు. అప్ప చదువుకుని కొండ మీద ప్రయోగశాలకి ఎక్కితే, తమ్ముడు సముద్రం అడుక్కి దిగాడు. లోతుగూడు అని ఒక కేంద్రం ఉండేది, మూడు కిలోమీటర్ల లోతున ఖనిజపు గడ్డలు ఏరడానికి. అందులో మెకానిక్కు. మూడు నెలలు నీళ్ళలో, నెల ఒడ్డున.

ఉప్పరేవులో ఒక పట్టింపు ఉంది. నీళ్ళలో ఉన్న మనిషితో ఒడ్డునున్నవాళ్ళు మెత్తగా మాట్లాడకూడదు. ముద్దుమాట గంగమ్మ చెవిన పడితే, వీడెవరో బాగా కావలసినవాడే అనుకుని తనే ఉంచేసుకుంటుందట. అందుకని అక్కడి ఆడవాళ్ళు చేపల వేటకెళ్ళినవాళ్ళని నోరారా తిడతారు. "ఒరే ముదనష్టపోడా, ఇంకా బతికే ఉన్నావేటి?" అనేది కొర్లమ్మ తల్లి. ఆ తిట్టు అడుగున ఎంత నవ్వుండేదో ఊరందరికీ తెలుసు.

కొర్లమ్మ కూడా అలాగే కసిరేది.

"ఏట్రా? తొందరగా సెప్పు, పనుంది."

"ఏటీ నేదప్పా. తిన్నావేటి?"

"తిన్నాను. ఇంకేటి?"

"ఏటీ నేదు. ఇక్కడ ఒక సేప దీపంలాగ ఎలుగుతాందప్పా, దాని మూతి సూత్తే మన పెదబాబే..."

"ఒడ్డుకొచ్చినాక సెప్పుదువుగానిలే."

అంతే, పూస ఆగిపోయేది. మొదట్లో అది పట్టింపు. తర్వాత తర్వాత తీరికలేకపోవడం. ఎప్పుడు అది ఇదయిందో ఆమె చూసుకోలేదు.

ఆ సంవత్సరం శ్రావణమాసంలో ఒకనాడు, పరాయి దేశాల నుంచి పెద్దలు వచ్చారు. గొంతుతాళాన్ని తమ దేశాలకీ ఇమ్మని కూర్చున్నారు. కొర్లమ్మ బోర్డు ముందు నిలబడి వివరిస్తుంటే చెవిపూస కదిలింది. ఎల్లాజీ. "సభ అయ్యేదాకా ఎవరినీ పంపకు" అని పూసకి చెప్పి, వివరించడంలో పడింది. మూడు గంటలు సాగింది సభ. చప్పట్లు కొట్టారు, దండ వేశారు. ఆ దండ మెడలో ఉండగానే పైడమ్మ పరుగెత్తుకొచ్చింది. పైడమ్మ విజయనగరం మనిషి, ప్రయోగశాలలో ఆమెకు కుడిచెయ్యి, నోరు కాస్త ఎక్కువ. ఆ రోజు మాత్రం ముక్తసరిగా చెప్పింది.

సముద్రం కింద భూమి కదిలింది. లోతుగూడు పైకప్పు చీలింది. లోపలున్న పదకొండుమందికీ రెండు గంటల గాలి మిగిలింది, ఆలోపు సాయం అందలేదు. ఆ రెండు గంటలూ మాటల తీగ మాత్రం తెగలేదు. అందరూ ఇళ్ళకి మాట్లాడుకున్నారు.

ఎల్లాజీ మూసి ఉంచిన మాట ఒకటి పూసలో ఉంది.

కొర్లమ్మ అక్కడే నేల మీద కూలబడి, "నాన్నా... ఎల్లాజీ... ఏటైంది నాన్నా" అంది.

"గొంతు సరిపోలేదు. ఇంకా రెండుసార్లు" అంది పూసలోంచి తాళం.

"నేనే. కొర్లమ్మని. నిన్ను చేసినదాన్ని."

"మనిషి మీరే. ఎల్లాజీతో మాట్లాడే గొంతు ఇది కాదు."

"నా తమ్ముడు పోయాడు. ఏడుస్తున్నాను, తెలియడం లేదా?"

"ఏడుపు వెనక బెదిరింపు ఉండొచ్చు. తెరవవద్దని మీరే నేర్పారు."

పైడమ్మకి ఒళ్ళు మండిపోయింది. "మీరు సేసిన తాళం మీకే తెరుసుకోదా? ఇదెక్కడి వింత మేడం! పగలగొట్టీండి."

"నాకు తెరుసుకుంటే రేపు దొంగోడికీ తెరుసుకుంటాది పైడమ్మా. పగలదు. పగలకుండానే సేశాను."

పదమూడు రోజులు ఆగింది. కన్నీళ్ళు ఇంకేదాకా ఆగి, ముఖం కడుక్కుని, తల్లిని తలుచుకుని, తల్లిలాగే కసిరింది. "ఒరే ముదనష్టపోడా, ఎక్కడ సచ్చావురా?"

"గొంతు సరిపోలేదు. ఇంకా ఒక్కసారి."

"ఎందుకు? కసిరాను కదా!"

"ఈ కసురులో నవ్వు ఉంది. ఎల్లాజీతో మీ గొంతులో నవ్వు ఉండదు."

మాటలు కాలిపోయినా వాటి ఎగుడుదిగుళ్ళ గీతను తాళం దాచుకుంటుంది. ఇన్నేళ్ళలో తమ ఇద్దరి జంటగొంతు గీత ఎలా ఉందో చూపించమంది కొర్లమ్మ. ఆ గీతలు గీయడం నేర్పింది తనే కనుక చదవడం తెలుసు. తొమ్మిదేళ్ళు, పద్నాలుగు వందల పిలుపులు. మొదటి ఏళ్ళలో ఆమె కసురు కింద సన్నగా అల కదులుతోంది, తల్లి గొంతులో ఉండే అలే. అయిదో ఏడు దగ్గర అది పల్చబడింది. చివరి నాలుగేళ్ళూ గీత చదునుగా, కోసినట్టు ఉంది. ఒక్కో పిలుపు పందొమ్మిది క్షణాలు. పక్కన ఎల్లాజీ గీత ఉంది. అది ప్రతిసారీ పైకి లేచి, చివరికొచ్చేసరికి కిందికి దిగుతోంది. ఒక్కరోజు కూడా లేవడం మానలేదు.

"పట్టింపు పైడమ్మా, మా ఊరి పట్టింపు" అంది కొర్లమ్మ.

పైడమ్మ గీత వైపు చూసింది, ఆమె వైపు చూసింది, తల ఊపింది.

నెలలు గడిచాయి. తమ్ముడి మాట వినాలంటే అదే చదును గొంతుతో పలకాలి. ఇప్పుడు అది ఎక్కడినుంచి తెస్తుంది? గదిలో ఒంటరిగా సాధన చేసేది. గొంతు వణికేది. నటిస్తే తాళానికి తెలిసిపోతుంది. ఒకే ఒక్క అవకాశం, అదీ పోతే ఎల్లాజీ చివరి మాట ఇసుక చప్పుడైపోతుంది. ఇలా ఏడాదిలో ఆఖరి రోజు వచ్చేసింది.

పొద్దున్నే తాళాన్ని వినమని చెప్పి బల్ల ముందు కూర్చుంది. ఎండ కిటికీలోంచి బల్ల మీదికి, బల్ల మీదినుంచి నేల మీదికి జరిగింది. పైడమ్మ తలుపు తోసి, "రెండు మెతుకులు తినండి మేడం" అంది. పలకలేదు. కాసేపాగి మళ్ళీ వచ్చి, "పోనీ మజ్జిగైనా" అంది. పలకలేదు. మూడోసారి తలుపు కిర్రుమంది.

"ఏటి? తొందరగా సెప్పు, పనుంది!" అని కసిరింది కొర్లమ్మ, వెనక్కి కూడా చూడకుండా.

"గొంతు సరిపోయింది" అంది తాళం.

పైడమ్మ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. కొర్లమ్మ తమ్ముడికి ఏ గొంతు ఇచ్చిందో, తలుపు తోసినవాళ్ళకి ఇచ్చేదీ అదే. తాళానికి రెండింటికీ తేడా కనబడలేదు.

అప్పుడు ఎల్లాజీ మాట్లాడాడు.

"కసరకప్పా. ఈ ఒక్కపాలికి కసరకు. ఎక్కువసేపు మాటాడన్లే. ఇక్కడ అందరూ ఇళ్ళకి మాటాడతన్నారు, ఎవుల మూల ఆల్ది. ఎవులేటి సెప్పుకుంటన్నారో ఇంకోల్లకి తెల్దు, నీ తాళం పున్యమా అని. నాకు సెప్పడానికేటీ నేదప్పా. నువ్వేదో ఒకటి మాటాడితే ఇందారని సేశాను. ఏదైనా పర్నేదు. నీ పనిగురించైనా పర్నేదు... సరే, పనిలో ఉన్నట్టున్నావు. మల్లీ సేత్తాన్లే."

తర్వాత ఇసుక రాలింది. తాళంచెవి కాలిపోయింది, మాటతో సహా.

అన్నమాట ప్రకారం ఎల్లాజీ మళ్ళీ చేశాడు. ఆ గంటలోనే మూడుసార్లు చేసినట్టు పూస లెక్కలో ఉంది. సభ నడుస్తోంది కనుక పూస పంపలేదు.

కొర్లమ్మ ఆ తర్వాత ఒక పని చేసింది. ఎవరైనా అడిగితే చాలు, తాము తమవాళ్ళతో మాట్లాడే గొంతు గీత తాళమే చూపించేలా మార్చింది. అద్దంగొంతు అని పేరు పెట్టింది. నాకు ఆలస్యమైంది, మీరైనా చూసుకోండి అని దేశమంతటికీ చెప్పింది. జనం ఎగబడ్డారు. మొదటి నెలలోనే ఆరుకోట్లమంది అడిగారు. ఏమని? మా ఆయన ఆఫీసులో వాళ్ళతో ఏ గొంతుతో మాట్లాడతాడో చూపించు. మా కోడలు వాళ్ళమ్మతో ఏ గొంతుతో మాట్లాడుతుందో చూపించు. ఎదుటివాళ్ళది చూపడం కుదరదు, మీది మీరు చూసుకోవచ్చు అంది తాళం. అలా తమది తాము చూసుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద పదకొండు వందలమంది. మిగతావాళ్ళు ఇదేం పనికిమాలిన తాళమని విసుక్కున్నారు. రెండేళ్ళకి అద్దంగొంతు తీసేశారు. ఎందుకు తీసేశారని ఎవరూ అడగలేదు కూడా.

కొర్లమ్మ మాత్రం ఆ రోజు, తాళంచెవి కాలిపోయిన మరుక్షణమే పైడమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "నాకు తడబాటొచ్చేలోగా సెప్పేత్తాను, నువ్వూ గుర్తెట్టుకో" అని తమ్ముడి మాటలు మొదటినుంచి చివరిదాకా చెప్పింది. పైడమ్మ తిరిగి అప్పజెప్పింది. ఒకటి తప్పితే కొర్లమ్మ సరిచేసింది. తర్వాత పైడమ్మ తన కూతురికి చెప్పింది, ఆ కూతురు ఇంకొకరికి చెప్పింది.

ఆ మాటలు ఇప్పుడు ఏ యంత్రంలోనూ లేవు. ఇదిగో, ఇప్పుడు మీరు విన్నారు. మీ ఇళ్ళకి వెళ్ళాక ఎవరికైనా చెప్పండి. తాళం సంగతి మరిచిపోయినా ఫరవాలేదు. ఎల్లాజీ మాటలు మాత్రం ఒక్కటీ వదలకండి. పని పక్కనపెట్టి, తొందరపడకుండా చెప్పండి.