పలక మీద అంకె

ఆ కొండ మీది రాతి గదికి మంచి పేరు లేదు.

పదకొండేళ్లలో ఏడు శవాలు. ఏడూ గది ముందున్న లోయలోనే, మూడు వందల మీటర్ల కింద, ఎముకలు పిండై దొరికాయి. నిద్రమత్తులో ఒంటేలుకి లేచి అంచు చూసుకోలేదని కాగితాల్లో రాశారు. ఒకరిద్దరంటే నమ్మొచ్చు. ఏడుగురూ అలాగే లేచారా? పైగా ఆ ఏడుగురిలో ఒక్కరి కాళ్లకీ బూట్లు లేవు. ఆ చలిలో, ఆ రాళ్ల మీద, వట్టి కాళ్లతో బయటికి ఎవరొస్తారు?

ఎవరో కంగారుగా పిలిస్తే తప్ప...

ఆ గదిలో ఒక రాత్రి ఉండి, ప్రాణాలతో దిగొచ్చిన ఒకామె సంగతి ఇది. ఆమె అన్న చెప్పగా విన్నది.

ఆమె లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పన్నెండేళ్లుగా అదే పని. లిఫ్టు తలుపు తెరిస్తే ముందు టార్చి వేసి, ఎదురుగా నేల ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కాలు కదపాలి. ఆ అలవాటు ఆమెకి ఎంతగా పట్టుకుందంటే, ఇంట్లో బాత్రూం తలుపు తీసినా ఓసారి కిందికి చూసేది. "నేల ఎక్కడికీ పోలేదులే, వెళ్లు" అని అన్న ఏడిపించేవాడు.

సెలవు దొరికితే కొండలెక్కడం ఆమె సరదా. తోడుకని కుక్కల షెల్టర్ నుంచి ఒకణ్ణి తెచ్చుకుంది. నల్లవాడు, ఒక చెవి సగమే ఉంది. తెచ్చిన నాటి నుంచి ఒక్కసారి కూడా మొరగలేదు. అందుకని వాడికి మూగోడని పేరు పెట్టింది.

షెల్టర్ మేడమ్ ముందే చెప్పింది. "ఏదో కొండ మీద తిరుగుతుంటే పట్టుకొచ్చారమ్మా. ఇప్పటికే ఇద్దర్ని కరిచాడు. మూడోసారి కరిస్తే చంపే ఇంజెక్షనే, నా చేతుల్లో లేదు. పద్నాలుగు రోజులు చూడు. గీరినా సరే, దాచకూడదు."

"అద్దె ఇంటికి కూడా ఇన్ని షరతులుండవే" అన్నాడు అన్న.

"అద్దె ఇల్లు నా వెనకాల కొండెక్కదు కదా."

పన్నెండు రోజులు గడిచాయి. వాడు గీరలేదు, గుర్రుమనలేదు. పదమూడో రోజు ఇద్దరూ కొండెక్కారు. రానూ పోనూ ఇరవై ఒక్క కిలోమీటర్లు, చీకటి పడేలోపు దిగిపోవాలని లెక్క. సగం దిగేసరికి వాన పట్టుకుంది. రాతి గది తప్ప తల దాచుకునే చోటు లేదు.

గది దగ్గర పడేకొద్దీ మూగోడు అడుగు వెయ్యనని మొరాయించాడు. ఎత్తుకుని తీసుకెళ్లింది.

గది ముందు మూడడుగుల నేల... ఆ తర్వాత లోయ. బయటికి తెరుచుకునే చెక్క తలుపు. దాని మీద, చూరు కింద, వాన తగలకుండా ఒక పలక. రాత్రి లోపల ఎంతమంది ఉన్నారో సుద్దముక్కతో దాని మీద రాయాలి. గాలింపు దళం వాళ్లు తలుపు తియ్యకుండానే తలకాయలు లెక్కపెట్టుకోవడానికి. మనుషుల్నే రాయాలి, కుక్కలకి లెక్క లేదు.

ఆమె '1' అని రాసింది. లోపలికెళ్లి అడ్డకర్ర వేసుకుంది.

పదకొండు గంటలప్పుడు గది ఒక్కసారిగా అదిరింది. కొండ కడుపులో నుంచి వచ్చినట్టు పెద్ద గర్జన... ఆ వెంటనే ఏమీ లేదు. పిడుగు కాబోలనుకుంది. వాన కూడా ఆగినట్టుంది.

అప్పుడు తలుపు చప్పుడైంది.

టక్... టక్... టక్...

"అక్కా..." మగ గొంతు, గుసగుసలా. "తలుపు తియ్యక్కా... తడిసిపోయాను..."

కొండ మీద ఎవరు తట్టినా తలుపు తియ్యాలి. ఎక్కేవాళ్లందరూ కట్టుబడే మాట అది. తడిసినవాడు ఆ చలిలో గంట కూడా నిలవడు. ఆమె దుప్పటి విసిరేసి లేచింది. బూట్లు వేసుకునే తీరిక ఎక్కడ?

"వస్తున్నా ఉండు తమ్ముడూ!"

"తొందరగా అక్కా... ఒక్కదానివే కదా... పలక మీద చూశాను..."

ఆమె అడ్డకర్ర మీద చెయ్యి వేసింది.

చీకట్లోంచి మూగోడు దూకాడు.

మణికట్టు మీద పట్టాడు. పళ్లు ఎముకకి తగిలిన చప్పుడు ఆమెకి వినిపించింది. కెవ్వున అరిచింది. విదిలించింది. వాడు వదల్లేదు. తల అటూ ఇటూ ఊపుతూ, కండ చీరుకుపోతున్నా వెనక్కి లాగాడు.

"వదలరా! చస్తావురా, వదలు!"

నిజంగానే చస్తాడు. ఆ మాట అరుస్తూనే ఆమెకి షెల్టర్ మేడమ్ గుర్తొచ్చింది. మూడోసారి... ఇంక వీణ్ణి ఎవరూ కాపాడలేరు.

వెలుగుతున్న టార్చి తీసి వాడి నెత్తిన కొట్టింది. ఒకటి. రెండు. మూడో దెబ్బకి టార్చి పగిలింది, వాడి నుదురూ పగిలింది. ఆ కాస్త వెలుగూ పోయింది. వేడి నెత్తురు ఆమె మోచేతి దాకా కారింది... వాడిదో, తనదో.

టక్ టక్ టక్ టక్...

"అక్కా... చచ్చిపోతున్నానక్కా..."

కాలితో వాడి డొక్కలో తన్నింది. వాడు ఎగిరి గోడకి కొట్టుకున్నాడు. ఆమె తలుపు మీదికి వాలి, ఎడంచేత్తో అడ్డకర్ర పైకెత్తింది. భుజంతో ఒక్క తోపు తోస్తే చాలు...

ఈసారి పిక్క పట్టాడు. ఆమె మోకాళ్ల మీద పడింది. అడ్డకర్ర మళ్లీ కొక్కెంలో పడింది. వాడు ఆమెను నేల మీద ఈడ్చుకుంటూ వెనక గోడ దాకా లాగాడు. గొంతు నులిమింది. చెవి పట్టి మెలేసింది. కళ్లలో వేళ్లు పొడిచింది. వాడు పిక్క వదిలి ఆమె గుండెల మీదికెక్కాడు. నాలుగు కాళ్లతో తొక్కిపట్టి, తలుపువైపు మొహం తిప్పి...

మొరిగాడు.

తెచ్చాక మొదటిసారి. గది గోడలు బద్దలయ్యేంత మొరుగుడు.

తలుపు చప్పుడు టక్కున ఆగింది.

చాలాసేపటికి బయటి నుంచి గొంతు వినిపించింది. అందులో ఏడుపు లేదు. వణుకుంది.

"లోపల... ఇంకెవరున్నారు?"

కొండ మీద ఆపదలో ఉన్నవాడు అడిగే మాట కాదది.

తెల్లవార్లూ వాడు ఆమె మీద నుంచి దిగలేదు. వాడి నుదుటి నెత్తురు ఆమె మెడ మీద కారి గడ్డకట్టింది.

వెలుగు వచ్చాక తలుపు సందులోంచి చూసింది. ఆకాశం. కిందికి చూసింది. అక్కడా ఆకాశమే.

గది ముందున్న మూడడుగుల నేల రాత్రి గర్జనతో లోయలోకి జారిపోయింది. ఆ తర్వాతే తలుపు తట్టారు. దేని మీద నిలబడి తట్టారు?

పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఆమె నేల చూసుకోకుండా తలుపు దాటలేదు. ఆ ఒక్క రాత్రే మరిచిపోయింది.

వెనక కిటికీలోంచి వాణ్ణి ముందు దింపి, తను దిగింది. ఆమెకి పదిహేడు కుట్లు పడ్డాయి, వాడికి తొమ్మిది.

పద్నాలుగు రోజుల గడువు తీరి, మర్నాడు షెల్టర్‌కి వెళ్లేసరికి మేడమ్ ఆమె కట్టు చూసి, వాడి కట్టు చూసి, కుర్చీలోంచి లేచింది.

"కరిచాడా?"

"లేదు మేడమ్. లిఫ్టు తలుపులో పడ్డాం."

"ఇద్దరూనా?"

"ఇద్దరమూ."

మేడమ్ రెండు కట్లూ మళ్లీ చూసి, రిజిస్టరు ముందుకి జరిపింది. "పోనీలే... వీడు మొదట కరిచినవాళ్లు కూడా నీలా కొండలెక్కేవాళ్లే. ఒకళ్ల తర్వాత ఒకళ్లు, రెండేళ్ల తేడాలో. అదేదో రాతి గదిలో, అర్ధరాత్రి తలుపు తియ్యబోతుంటే మీద పడ్డాడని రాయించారు."

"వాళ్లిద్దరూ... బతికే ఉన్నారా?"

"ఉండకేం? కుట్లు పడ్డాయంతే. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు. ఇంట్లో ఎంతమందో కూడా రాయి."

ఆమె '2' అని రాసింది.

"ఒక్కదానివే ఉంటావన్నావుగా?"

"వీడున్నాడుగా."

"కుక్కని లెక్కలో వెయ్యరమ్మా" అని నవ్వింది మేడమ్.

"నన్ను వెయ్యనివ్వండి" అంది.

తర్వాత ఆ సంగతి అన్నకి ఒక్కడికే చెప్పింది. కిటికీ దిగాక, గోడ మూల పట్టుకుని, వంగి తలుపు వైపు చూసిందట. పలక అలాగే వేలాడుతోంది. ఆమె రాసిన ఒకటి చెరిపేసి ఉంది. దాని స్థానంలో, సుద్దతో, తాపీగా గుండ్రంగా దిద్దిన సున్నా.

మూగోడు మొరిగాక ఆ గొంతు వణికింది. ఆ సున్నాలో మాత్రం ఎక్కడా వణుకు లేదు.

ఆ తట్టినదేదో, తలుపు తట్టకముందే రాసుకుంది.