మనది కాని సరుకు

మధ్యాహ్నం గంటలు మోగి చాలాసేపైంది. కొవ్వొత్తుల అంగట్లో మెన్సియా ఒక్కతే కూర్చుని ఉంది. వాళ్ళమ్మ ఒలాయా పశువుల కొవ్వు తేవడానికి కసాయి వీధికి వెళ్ళింది. పండగ మూలంగా సలమాంకా ఊరంతా కొవ్వొత్తులకు కరువొచ్చింది. మూలన పడేసిన వంకరది కాక, వీళ్ళ దగ్గరా ఆరే మిగిలాయి.

"ఒక్కోటి మూడు మరవేదీలు. పండగ కదా, బజారంతా అదే ధర. అంతకు మించి అడక్కు," అని అమ్మ మరీ మరీ చెప్పి వెళ్ళింది.

అంతలో గస్పార్ అనే విద్యార్థి రొప్పుతూ వచ్చాడు. బక్కపలచటి మనిషి. రోజూ ఆ దారినే చదువుకు వెళ్తాడు.

"పాపా, కొవ్వొత్తులున్నాయా? నీకు పుణ్యముంటుంది! రేపే నా పెద్ద పరీక్ష. సాయంత్రం నన్ను గదిలో పెట్టి తాళం వేసేస్తారు!"

ఆ ఊరి ఆచారం అది. పరీక్షకు ముందు రాత్రి విద్యార్థిని పెద్ద చర్చిలోని రాతిగదిలో ఒంటరిగా ఉంచుతారు. తెల్లవార్లూ చదువుకోవాలి. వెలుగు లేకపోతే అన్నేళ్ళ చదువూ గంగపాలే.

మెన్సియా అతని తొందర చూసింది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలనుకుంది.

"ఒక్కోటి తొమ్మిది," అంది.

"తొమ్మిదా! అన్యాయం చెల్లీ!"

"ఇంకెక్కడైనా దొరికితే కొనుక్కో అన్నా."

గస్పార్ ఉన్న నాణేలన్నీ బల్లమీద పోశాడు. జేబంతా దులిపినా చాలలేదు. ఒంటి మీది ఉన్ని అంగీ విప్పి బల్లమీద పెట్టి, ఆరు కొవ్వొత్తులూ తీసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ రాగానే మెన్సియా జరిగిందంతా గొప్పగా చెప్పింది. అమ్మ ముఖం వాడిపోయింది.

"చలికాలంలో ఒంటిమీది బట్ట తీసుకున్నావా?"

"మరి నా కష్టం? వేళ్ళెలా కాలాయో చూడు! దానికి ఖరీదు లేదా?"

అమ్మ ఆ వేళ్ళు పట్టుకుని మెల్లగా ఊదింది. "ఎందుకు లేదు తల్లీ? కానీ ఆ వంకరదాన్ని చేస్తూ రెండుసార్లు కాల్చుకున్నావే, దానికి రెట్టింపు ధర పలికిందా?"

"ఎక్కడ? చూసినవాళ్ళంతా నవ్వారు."

"అతను వచ్చేసరికి మూడు కాస్తా తొమ్మిది ఎలా అయింది? కొవ్వొత్తి పెరిగిందా?"

"అతనికి అంత అవసరమని..."

"కొవ్వొత్తి మనది, అమ్ముకున్నాం. అవసరం అతనిది. మనది కానిదాన్ని ఎలా అమ్మావే?"

మెన్సియా బల్లమీది అంగీని చేతిలోకి తీసుకుంది. అంగీ లోపల చిన్న చిన్న అతుకులున్నాయి. ఎవరో ఓపిగ్గా కుట్టారు. అతని అమ్మే అయ్యుంటుంది. ఆ రాతిగది గుర్తొచ్చి మెన్సియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఎక్కువ తీసుకున్న డబ్బంతా మూట కట్టింది. అంగీ చంకన పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, మూలనున్నదాన్ని కూడా తీసుకుని పరుగెత్తింది.

చర్చిలో ముసలి కాపలాదారు ఆ గదికి తాళం వేయడానికి అప్పుడే తాళంచెవి తీస్తున్నాడు.

"ఆగు తాతా, ఆగు!"

"ఏం పిల్లా, నువ్వు కూడా పరీక్షకొచ్చావా?"

లోపల గస్పార్ భుజాలు ముడుచుకుని నిలబడి ఉన్నాడు. మెన్సియా అంగీ, డబ్బు అతని చేతిలో పెట్టింది. "తప్పయిపోయింది అన్నా," అంది. ఆ తర్వాత వంకర కొవ్వొత్తిని చాచింది.

గస్పార్ నవ్వాడు. "ఇదెంత చెల్లీ?"

"ఇది అమ్మేది కాదన్నా. వంకరదే, కానీ వెలుగు బాగానే ఇస్తుంది."