పసుపుపచ్చ మెడపట్టీ

పిల్లికి బిచ్చం పెట్టదని వీధంతా చెప్పుకునే దర్జీ ఆవిడ ఏకంగా నాలుగు వీధిపిల్లుల్ని చేరదీసింది. మొదటి కూనను కూతురు బడి నుంచి సంచీలో పెట్టుకుని తెచ్చింది. మిగతావి దాని వెనకాలే వచ్చాయి. వాటితో పాటే మనిషీ మారిపోయింది. గిరాకీలతో నవ్వుతూ మాట్లాడేది, ఊడిన గుండీలు ఊరికే కుట్టిచ్చేది.

"పెళ్ళయి పదేళ్ళయింది. నాతో ఇంత మెత్తగా ఒక్కనాడూ మాట్లాడలేదు," అని లారీ నడిపే మొగుడు పిల్లుల దగ్గరే మొరపెట్టుకునేవాడు.

మెడలో పట్టీ లేని పిల్లుల్ని మునిసిపాలిటీ బండివాళ్ళు పట్టుకుపోతారు. అందుకని ఆమె గిరాకీల బట్టల్లో మిగిలిన ముక్కలతో వాటికి పట్టీలు కుట్టింది. దర్జీ ఇంట్లో ముక్కలకేం కొదవ? బడి మాస్టారి బూడిదరంగు కోటు ముక్క గండుపిల్లికి. రొట్టెల కొట్టావిడ పూలగుడ్డ చారలపిల్లికి.

ఒక ఉదయం గండుపిల్లి గడప దాటి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ సాయంత్రమే మాస్టారు పోయారు. పెద్దవయసు కదా అనుకుంది. వారం తిరక్కుండా చారలపిల్లి వెళ్ళిపోయింది. పొద్దుగూకేలోపు రొట్టెల కొట్టావిడ పొయ్యి ముందే కూలబడి మళ్ళీ లేవలేదు. ఎవరి గుడ్డ కట్టుకున్న పిల్లి వెళ్ళిపోతే వాళ్ళు పోతున్నారని దర్జీ ఆవిడకు అప్పుడు తట్టింది. మిగిలిన రెండు పిల్లుల పట్టీలూ కత్తిరించి పారేసింది. నెల గడిచింది, ఎవరికీ ఏమీ కాలేదు. హమ్మయ్య అనుకుంది.

తర్వాత ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, కుట్టుమిషను కింద ఎన్నడూ చూడని తెల్లపిల్లి కనిపించింది. తడిసిన బొచ్చు వాసన లేదు. అప్పుడే ఇస్త్రీ చేసిన గుడ్డ వాసన. మెడలో పసుపుపచ్చ పట్టీ...

అది కూతురి గౌను గుడ్డ. ఆ గౌనుకు గుడ్డ సరిగ్గా సరిపోయింది. గోరంత ముక్క కూడా మిగల్లేదు.

కత్తెర అందుకుంది. పట్టీకి కుట్టు లేదు, ముడి లేదు. మూడుసార్లు కత్తెర జారిపోయింది. పిల్లి తాపీగా లేచి వీధి గడప వైపు నడిచింది.

ఆమె దాన్ని ఒడిసి పట్టుకుని కిటికీ లేని సామాన్ల గదిలోకి తోసి, కింది గడియ పెట్టి, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. ఇది గడప దాటకపోతే చాలు. తన పిల్ల బతుకుతుంది.

కాసేపటికి కూతురు బడి నుంచి వచ్చి ఒళ్ళో చేరింది. తల్లికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"లోపల ఎవరమ్మా?"

"పిల్లి."

"పాపం... వదిలెయ్యి."

"వద్దు తల్లీ. అది మాత్రం అడక్కు."

వెనక తలుపు మీద గోళ్ళ చప్పుడు. ఆగింది.

"అమ్మా... తలుపు తియ్యి. చీకటిగా ఉంది."

కూతురి గొంతు. గది లోపలి నుంచి.

ఆమె ఒళ్ళోకి చూసింది. బయట వాన కురుస్తూనే ఉంది. పిల్ల జుట్టు మీద ఒక్క చుక్క తడి లేదు.

"అమ్మా... నీ ఒళ్ళో ఉన్నది నేను కాదు."

తీస్తే పిల్లి గడప దాటుతుంది. తియ్యకపోతే... లోపల ఉన్నది తన పిల్లే అయితే?

ఒళ్ళోని పిల్ల కాదనలేదు. తల్లి చేతిని మెల్లగా తీసుకుని, గడియ మీద పెట్టింది.