ఐదో సిలబుల్

"స్టౌట్‌హార్టెడ్‌నెస్. ఇదీ కోడ్‌వర్డ్," అంది చీఫ్ భువనేశ్వరి. "నాలుగు సిలబుల్స్. స్టౌట్, హార్ట్, ఎడ్, నెస్. బలం హార్ట్ మీద పడాలి. అర్థం గుండెధైర్యం. ఏదీ, అనండి."

అంగలకుదురులో టైలర్ షాపు మీది గది అది. బోర్డు ట్యూషన్ సెంటర్‌ది, లోపల ఇంటెలిజెన్స్ ఆఫీసు.

ఏజెంట్ సుమంత్ లండన్‌లో పుట్టినవాడిలా పలికాడు. ఏజెంట్ జహీర్ నోట అది "ఇస్టౌట్" అని మొదలైంది.

"ఐదయ్యాయి గురూ!" సుమంత్ నవ్వాడు.

"సుమంత్, కొనేవాడి వేషం నీది. జహీర్, నువ్వు కవర్."

జహీర్‌కి ఒళ్ళు మండింది. నిజాంపట్నం తీరంలో గస్తీ బోట్ల టైమింగ్స్‌ని విదేశాలకు అమ్మే ఈ ముఠా వెనక రెండేళ్ళు తిరిగింది తను. ముఠాలో చొరబడి కోడ్‌వర్డ్ తెచ్చిన హాసినిని డిపార్ట్‌మెంట్‌లో చేర్పించిందీ తనే. మిషన్ మాత్రం సుమంత్‌ది!

మర్నాడు ఉదయం తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ కదిలింది. జహీర్ సమోసాల బుట్టతో తలుపు దగ్గర నిలబడ్డాడు. నల్లకళ్ళజోడు, నెమలికంఠం రంగు చీరలో, ముఠా తరఫున సరుకు అందించే మనిషిగా హాసిని. ఎదురుగా సుమంత్. జహీర్‌తో ఏనాడూ నవ్వని నవ్వు ఆమె అతనితో నవ్వుతోంది.

వేమూరు దాటాక సుమంత్ కోడ్‌వర్డ్ చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. ఆమె పెన్‌డ్రైవ్ ఇచ్చింది. భట్టిప్రోలులో దిగుతూ అతను జహీర్‌కి కన్నుకొట్టాడు.

ప్లాన్ ప్రకారం జహీర్ కూడా దిగాలి. దిగలేదు. సుమంత్ వెళ్ళాక కూడా ఆమె ముఖంలో ఆ నవ్వుందేమో చూడాలనిపించింది.

లేదు. ఖాళీ సీట్లో రొయ్యల వ్యాపారిలాంటి ఒకతను కూర్చున్నాడు.

"ఇస్టౌట్‌హార్టెడ్‌నెస్."

ఐదు!

హాసిని జడలోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీసింది. జహీర్‌కి అంతా అర్థమైంది. సరిగ్గా పలికినవాడు గవర్నమెంట్ మనిషి, వాడికి డమ్మీ. తప్పు పలికినవాడికి అసలుది. హాసిని డబుల్ ఏజెంట్.

ఊరుకుంటే? ఆ డమ్మీతో సుమంత్ చీఫ్ ముందు తలదించుకుంటాడు. ఆ ఊహ తియ్యగా ఉంది. అంతలో గస్తీ బోట్లలో ఉన్న మనుషులు గుర్తొచ్చి సిగ్గేసింది.

రేపల్లె ప్లాట్‌ఫారం వచ్చేసింది. వ్యాపారి లేచాడు. జహీర్ బుట్ట వదిలేశాడు. బేడీ ఒక కొస అతని మణికట్టుకి, రెండోది కిటికీ ఊచకి పడింది. హాసిని చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళేలోగా జహీర్ పిస్టల్ బయటికొచ్చింది.

"వద్దు హాసినీ."

"నువ్వు... దిగలేదా?"

సాయంత్రం చీఫ్ అదే అడిగింది. "ఎందుకు దిగలేదు? ముందే అనుమానం వచ్చిందా?"

"లేదండి. అసూయండి మేడమ్. ఆమె వాడితో నవ్వుతుంటే కళ్ళు తిప్పుకోలేకపోయాను."

భువనేశ్వరి పెన్ను మూత తీసింది. "రిపోర్టులో 'నిరంతర నిఘా' అని రాస్తున్నాను."