వాయిదా డాక్టరమ్మ

కొత్తగా వచ్చినవాడు ఊరుకోకుండా బోర్డు తుడిచాడు. గొడవంతా అక్కడ మొదలైంది.

కళ్ళద్దాల షాపు పైన ఉన్న చదువుకునే గది అది. డాక్టరు చదువు పూర్తిచేసి లైసెన్సు పరీక్షకి తయారయ్యేవాళ్ళు తలా ఒక బల్ల అద్దెకి తీసుకుంటారు. ఆ గదికి ఒక ఆనవాయితీ ఉంది. తేదీ ఖాయం చేసుకున్నవాళ్ళు తలుపు పక్కనున్న తెల్లబోర్డు మీద ఆ తేదీ రాయాలి. పదిమందీ చూస్తారు కాబట్టి ఇక తప్పించుకోలేరని. చదువుకున్నవాళ్ళకి సిగ్గుపడటానికి కూడా ఒక బోర్డు కావాలి మరి.

కిటికీ పక్క బల్ల డాక్టరమ్మ ఆ బోర్డు మీద తేదీ రాసి, చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపి, అక్కడంతా బూడిదరంగు మరక చేసిపెట్టింది. కొత్తవాడు తడిగుడ్డ తెచ్చి ఆ మరకని నిగనిగలాడేలా తుడిచేశాడు.

"ఎవరు తుడిచింది?" అంది ఆమె.

"నేనే. మురికిగా ఉంటేనూ."

"అది మురికి కాదు. నా పరీక్ష తేదీ."

"అయ్యో! నాకు మసి తప్ప అంకెలేం కనపడలేదండీ. కిందకెళ్ళి కళ్ళద్దాలు కొనుక్కుంటాను."

గదంతా కిసుక్కుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు మైకు. ఆ మహానుభావుడికి గుసగుసలాడటం చేతకాదు. రహస్యం చెబితే వీధి చివరిదాకా వినపడుతుంది. అందుకే ఆ పేరు.

"ఇదే మంచి సమయం తల్లీ! కొత్త తేదీ రాసెయ్. ఎలాగూ మార్చేదానివేగా, వాయిదా డాక్టరమ్మా!" అన్నాడు మైకు.

ఆమె మార్కరు తీసి, మొన అరిగిపోయేలా నొక్కి తేదీ రాసింది. తర్వాత కొత్తవాడి వైపు తిరిగింది.

"ఇది తుడిస్తే చెయ్యి విరుగుతుంది."

"విరిగితే కట్టు కట్టడానికి ఇంతమంది డాక్టర్లున్నారుగా."

"ఒక్కరికీ లైసెన్సు లేదు," అని వెళ్ళి కూర్చుంది.

అతనికి ఆ జవాబు బాగా నచ్చింది. ఇంకో పదిహేను బల్లలు ఖాళీగా ఉన్నా, వెళ్ళి ఆమె పక్క బల్ల తీసుకున్నాడు.

ఆ పరీక్ష సంగతి కాస్త చెప్పాలి. ఫెయిలైతే ఆ మచ్చ జన్మంతా వెంట వస్తుంది. పాసైతే, ఎంత తక్కువ మార్కొచ్చినా మళ్ళీ రాయనివ్వరు. పోనీ నిదానంగా రాద్దామంటే, మార్కు రావడానికి వారాలు పడుతుంది. పెద్దాస్పత్రులు శిక్షణకి అప్లికేషన్లు చూసేది ఏడాదికి ఒక్కసారి. అప్పటికి మార్కు చేతిలో లేకపోతే ఆ ఏడాది నీళ్ళపాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. డాక్టరమ్మకి నిరుడు ఇలాగే పోయింది. ఈసారి బోర్డు మీద రాసిన తేదీ దాటితే ఈ ఏడాదీ పోయినట్టే.

అతనికి ఆ బాధ లేదు. రక్తపరీక్షల ల్యాబులో పొద్దుటి డ్యూటీ ముగించుకుని, అప్లికేషన్ రాసుకోవడానికి వస్తున్నాడు. పరీక్ష ఎప్పుడో రాసి పారేశాడట. ఎంతొచ్చింది అనడిగితే మాత్రం నవ్వి మాట మార్చేస్తాడు. అన్నం తినడం, మెట్లు దిగడం, తలుపు తియ్యడం, అన్నీ పరుగే. మూడో రోజుకే గదిలో అతనికీ పేరు పడింది: తొందర డాక్టరు.

"ఒక ప్రశ్న అడగనా?" అన్నాడు ఒక మధ్యాహ్నం, పరీక్షలో వచ్చే ధోరణిలోనే. "ఇరవై ఆరేళ్ల యువతి. తేదీ అన్న మాట వింటే అరచేతులకి చెమట, గుండెదడ. మొట్టమొదట చెయ్యాల్సిందేమిటి?"

"పక్క బల్లవాణ్ణి గదిలోంచి తీసెయ్యడం."

"ఆప్షన్లలో అది లేదు."

"చేర్చుకోండి." ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది. "నాకు ఆకలేస్తోంది."

"ప్రాక్టీసు పరీక్షలో ఆఖరి భాగం, ఇంకా ఒక బ్లాకు మిగిలిందిగా?"

"కడుపుకి బ్లాకులు తెలీవు," అని లేచిపోయింది.

మరునాడు అదే సమయానికి ఆమెకి తలనొప్పి వచ్చింది. ఆ మరునాడు కళ్ళు లాగాయి.

ఇద్దరికీ స్నేహం కుదిర్చింది వాన. కళ్ళద్దాల షాపు చూరు కింద నిలబడ్డారు. షాపు అద్దంలో వందలకొద్దీ కళ్ళజోళ్ళు ఇద్దర్నీ గుచ్చిగుచ్చి చూస్తున్నాయి.

"తగ్గాక వెళ్తాను," అంది ఆమె.

"తగ్గదు. పదండి, తడుద్దాం."

"మీరు తడవండి. నేను చూస్తాను."

అతను నిజంగానే వానలోకి పరుగెత్తాడు. బండి దాకా వెళ్ళి, తాళంచెవి గదిలో మర్చిపోయానని గుర్తొచ్చి, ముద్దగా తడిసి తిరిగొచ్చాడు. ఆమె నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది. ఆ నవ్వు చూశాక అతను తాళంచెవి కోసం మెట్లెక్కడం మర్చిపోయాడు. మనిషి చెడిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణాలేం ఉండవు.

"తేదీ మార్చకండి. రాసెయ్యండి. ఆగినకొద్దీ భయానికి వడ్డీ పెరుగుతుంది," అన్నాడు.

"మీరిలాగే రాశారా?"

"రాసెయ్యలేదూ!"

ఆమె ఆ మాట నమ్మింది. వారం రోజులు బోర్డు వైపు బెరుకు లేకుండా చూసింది కూడా.

ఆ నమ్మకాన్ని మైకు కూల్చాడు. టీ తాగుతూ, ఆమె చెవిలో చెబుతున్నాననుకుని గదంతటికీ చెప్పాడు. "వాడి సలహా వింటున్నావా తల్లీ? వాడు గీత మీద పాసయ్యాడు. అంతకంటే ఒక్క మెట్టు తగ్గితే ఫెయిలే. మళ్ళీ రాసుకునే వీలు కూడా లేదు. ఆ మార్కుతో ఏ ఆస్పత్రి పిలుస్తుందో పాపం!"

అతను తలెత్తలేదు. ఆమె అతని బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"నిజమేనా?"

"నిజమే."

"మీరు మునిగింది చాలక నన్నూ దూకమంటున్నారా? తోడుకా?"

"అది కాదండీ—"

"నేను తేదీ మార్చేస్తున్నాను. ఏడాది పోతే పోయింది. మీలాగా తొందరపడి జీవితాంతం అఘోరించను."

బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మరునాడూ రాలేదు, ఆ మరునాడూ రాలేదు. మూడో రోజు అతను మైకుని అడిగి ఇల్లు కనుక్కుని వెళ్ళాడు.

డాక్టరమ్మ నాన్న డ్రైవింగ్ నేర్పుతాడు. ఆయన దగ్గర చేరినవాడికి లైసెన్సు వచ్చేసరికి కొనుక్కున్న కారు పాతబడుతుందని వీధిలో మాట. శిష్యుడు పూర్తిగా తయారయ్యాడని ఆయనకి ఎప్పుడూ అనిపించదు. కూతురికి ఆ గుణం ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

"రా బాబూ, ఆలస్యమైంది," అంటూ ఆయన గేటు దగ్గరే కారు తలుపు తీశాడు. ఆ రోజు కొత్త శిష్యుడు రావాల్సి ఉంది.

"నేను నేర్చుకోడానికి కాదండీ—"

"మొదటిరోజు అందరూ అదే అంటారు. కూర్చో."

అతను కూర్చున్నాడు. పక్కసీట్లో ఆయన, ఆయన కాలికింద ఆయన సొంత బ్రేకు.

"నాకు డ్రైవింగ్ వచ్చండీ. నాలుగేళ్ళయింది."

"అయితే కష్టమే. ముందు అదంతా మర్చిపోవాలి. అద్దం చూశావా?"

"చూశానండీ."

"మళ్ళీ చూడు."

కారు నడిచే మనిషికంటే నెమ్మదిగా కదిలింది. అతను గేరు మార్చబోతే ఆయన బ్రేకు నొక్కుతాడు.

"మీ అమ్మాయిగారు పరీక్ష—"

"మార్చుకుంటానంది. సరేనన్నాను. తొందరేముంది? పూర్తిగా వచ్చాకే రాస్తుంది."

"పూర్తిగా వచ్చిందని ఎలా తెలుస్తుందండీ?"

ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డాడు. కాలు బ్రేకు మీదే ఉంది. వెనక హారన్లు మోగాయి.

"తెలుస్తుందిలే," అన్నాడు చివరికి, తనకే నమ్మకం లేనట్టు.

హారన్లు విని డాక్టరమ్మ బయటికొచ్చింది. నాన్న కారులో, చెమటలు కారుస్తూ, తొందర డాక్టరు నత్తలా పాకుతున్నాడు. కోపం మీద ఉండాల్సిన మనిషి, పెదవి కొరుక్కుంటూ కారు పక్కనే నడవడం మొదలెట్టింది. ఆ వేగానికి పరుగెత్తే అవసరమేం లేదు.

"ఇక్కడేం చేస్తున్నారు?"

"డ్రైవింగ్ మర్చిపోతున్నాను. మీతో ఒక మాట చెప్పాలి."

"మీ మాటలు చాలా విన్నాను."

"మార్కు దాచడం తప్పే. అది ఎందుకలా వచ్చిందో విని తర్వాత తిట్టండి. నేను ఒక్క ప్రాక్టీసు పరీక్ష కూడా రాయలేదు. తక్కువొస్తుందని భయం. కళ్ళు మూసుకుని అసలు పరీక్షకే వెళ్ళిపోయాను. చూసినవాళ్ళు ధైర్యమనుకున్నారు. ముందే చూసుకునుంటే ఒక నెల ఆగేవాణ్ణి."

ఆమె కారుతోపాటు నడిచింది.

"మీదీ అదే భయం. అన్ని బ్లాకులూ రాస్తేనే మార్కు కనపడుతుంది. మీకు ఆఖరి బ్లాకు దగ్గరే ఆకలి, తలనొప్పి, కళ్ళు లాగడం. ఇన్నాళ్ళలో మీ మార్కు ఒక్కసారి చూశారా?"

"అంటే రోజూ నన్నే చూస్తూ కూర్చున్నారా?"

"అప్లికేషన్ రాయడానికే వచ్చాను. ఇప్పటికి ఒక పేరా అయింది."

ఆమె మొహం అటు తిప్పుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"బాబూ, అద్దం," అన్నాడు నాన్న.

"ఒక్కసారి చివరిదాకా రాయండి," అన్నాడతను అద్దంలోకి చూస్తూనే. "తక్కువొస్తే వాయిదా వెయ్యమని నేనే చెబుతాను. ఎక్కువొస్తే మీ ఇష్టం."

నాన్న బ్రేకు నొక్కాడు. "దిగు బాబూ. ఇవాళ్టికి చాలు. నీకు తొందరెక్కువ." ఆగి, గొంతు తగ్గించాడు. "ఆదివారం పొద్దున్నే రా. అమ్మాయి రాస్తున్నంతసేపూ నాకూ ఒకడు తోడు కావాలి. ఒక్కణ్ణే అయితే నేనే దాన్ని మధ్యలో లేపేస్తాను."

ఆదివారం ఆమె భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. మగవాళ్ళిద్దరూ బయట మెట్ల మీద కూర్చున్నారు. వీధిలో పోయే స్కూటర్లని కూడా నాన్న చేత్తో సైగచేసి నెమ్మదిగా పొమ్మన్నాడు.

సాయంత్రమవుతుంటే లోపలినుంచి గొంతు వినపడింది. "నాన్నా, తలనొప్పిగా ఉంది."

నాన్న ఆదరాబాదరాగా లేచాడు. పక్కనున్నవాడు దగ్గాడు. నాన్న మళ్ళీ కూర్చున్నాడు. జన్మలో మొదటిసారి కూతురికి కాదని చెప్పాడు.

"మాత్ర వేసుకుని రాయమ్మా."

కాసేపటికి ఆమె గుమ్మంలోకి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు.

"తక్కువొచ్చిందా?" అన్నాడతను.

"బాగా వచ్చింది. కావలసినదానికంటే ఎక్కువే."

"మరి ఏడుపెందుకు?"

"ఆగడానికి ఇక సాకేం మిగల్లేదు."

"ఏడవకండి. మార్చేసిన తేదీ మళ్ళీ దొరుకుతుందేమో చూద్దాం."

ఆమె గుమ్మాన్ని గోకుతూ నిలబడింది. "మార్చలేదు."

"మార్చేస్తున్నానన్నారుగా!"

"మారుద్దామనే అనుకున్నాను. రోజూ, రేపు మారుద్దాంలే అని..."

నాన్నే ముందు నవ్వాడు. బద్ధకం ఒక్కోసారి మనిషిని దేవుడిలా ఆదుకుంటుంది. కష్టపడేవాళ్ళకి ఆ సదుపాయం లేదు.

బోర్డు మీద రాసిన రోజునే ఆమె పరీక్షకి కూర్చుంది. సాయంత్రం కేంద్రం గేటు దాటి బయటికొచ్చేసరికి అతను ఎదురుగా ఉన్నాడు. ల్యాబు కోటు విప్పడం కూడా మర్చిపోయాడు.

"ఎలా రాశారు?"

"తెలీదు. మార్కొచ్చాక తెలుస్తుంది. నీకొక మాట చెప్పాలి."

"ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి, రేపు—"

"ఇప్పుడే. నువ్వంటే నాకిష్టం. ఇష్టమంటే అదే, నువ్వనుకుంటున్నదే."

ఎప్పుడూ మాటకి ముందుండే మనిషి ల్యాబు కోటు గుండీలు విప్పడం మొదలెట్టాడు. మాట మెల్లగా వచ్చింది.

"మార్కులొచ్చేదాకా ఆగుదామా?"

"ఈ మాట ఎవరంటున్నారు?"

"నిజంగానే చెబుతున్నా. మిమ్మల్ని మంచి ఆస్పత్రి పిలుస్తుంది. నన్ను ఎవరూ పిలవకపోతే? గీత మీద నిలబడ్డవాడి పక్కన మీరెందుకు నిలబడాలి?"

"పిలవకపోతే వచ్చే ఏడు మళ్ళీ అప్లికేషన్ పెట్టుకుంటావు. నేను ఆస్పత్రిని అడగడం లేదుగా, నిన్ను అడుగుతున్నాను. పక్క బల్ల దగ్గర కూర్చోనిచ్చి, రోజూ చూసి, బాగా ఆలోచించి అడుగుతున్నాను. ఇందులో తొందరేం లేదు."

అతను బూట్ల వైపు చూసుకున్నాడు. "నాకు కొంచెం టైము కావాలి."

"ఎంత?"

"ఈ రోడ్డు దాటేదాకా."

పెద్ద రోడ్డు అది. బళ్ళు ఆగడం లేదు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. సగం దాటారో లేదో, నడిమధ్య డివైడరు మీదే, రెండువైపులా బస్సులు మోత మోగిస్తుండగా, అతను చెప్పేశాడు.

వినపడలేదంది ఆమె. మళ్ళీ చెప్పించుకుంది. మొదటిసారే వినపడిందని ఎదురుగా వస్తున్న బస్సు డ్రైవరుకి కూడా ఆమె మొహం చూస్తేనే తెలిసిపోయింది.